పోతరాజుకు తెల్ల రంగు

లాల్‌దర్వాజాలో టెంట్ హౌస్ మొదలుపెట్టిన రోజున రామ్‌చందర్ చేతిలో ఉన్నవి ఇరవై నాలుగు ఇనుప కుర్చీలు, రెండు షామియానాలు, ఒక తోపుడు బండి, ఆ బండిని తోయడానికి బసవయ్య అనే మనిషి. ముప్ఫై ఏళ్ళు గడిచేసరికి కుర్చీలు వందల్లోకి పెరిగాయి. షామియానాలకు వేరే గోదాం వచ్చింది. తోపుడు బండి పోయి ట్రాలీ ఆటో వచ్చింది. మారనిది బసవయ్య ఒక్కడే. సామాను ఎక్కించేదీ, కర్రలు పాతేదీ, ఫంక్షన్ అయ్యాక అన్నీ దించుకొచ్చి అప్పజెప్పేదీ అతనే.

రామ్‌చందర్‌కు లెక్క అంటే లెక్కే. పెళ్ళికి నూట యాభై కుర్చీలు పంపితే నూట యాభై తిరిగి రావాలి. ఒక్కటి తగ్గితే అది ఏ మూల పడి ఉందో తెలిసేదాకా అతనికి అన్నం సయించదు. అంతటి మనిషి తన ఇంట్లోనే, తన కళ్ళ ముందే ఒకటి పోగొట్టుకుని, పోయిందని తెలుసుకోవడానికి ఎనిమిది నెలలు తీసుకున్నాడు. అది కుర్చీ కాకపోవడమే అందుకు కారణం.

బసవయ్య సంగతి కొంచెం చెప్పాలి. ఏడాదంతా అతను రామ్‌చందర్ దగ్గర కూలి మనిషి. ఆషాఢంలో బోనాల రోజున మాత్రం ఆ గల్లీ పోచమ్మకు పోతరాజు, అంటే అమ్మవారికి స్వయానా తమ్ముడు. ఒంటినిండా పసుపు, నుదుట ఇంత కుంకుమ, నడుముకు వేపమండలు, కాళ్ళకు గజ్జెలు, చేతిలో పేనిన కొరడా. తండ్రి తరువాత ఇరవై రెండేళ్ళుగా బోనాలకు ముందు నడిచేది అతనే. ఆ రోజు రామ్‌చందర్ కూడా చెప్పులు విడిచి పక్కకు తప్పుకుంటాడు. నిద్రలో ఉలిక్కిపడే పసిపిల్లలను తల్లులు ఎత్తుకొచ్చి అతని ముందు నిలబడతారు. అతను వేపమండతో ఒకసారి తడిమి పంపుతాడు.

పాత ఇల్లు అన్నదమ్ముల పంపకాల్లో అమ్ముడుపోయాక బసవయ్య జల్‌పల్లిలో అరవై గజాల జాగాలో రేకులు వేసుకుని ఉంటున్నాడు. పొద్దున్నే బస్సెక్కి పనికి వస్తాడు. "ఈ గల్లీల నాకిప్పుడు ఇల్లు లేదు, గడప లేదు సేట్. బోనాల రోజు మాత్రం గల్లీ అంత నాదే" అని నవ్వుతూ అంటుండేవాడు. నవ్వుతూ అన్నా, అతనికి ఉన్న ఆస్తి అదొక్కటే.

ఆ ఏడు కార్తీకంలో రామ్‌చందర్ మనవరాలు మనస్వినికి ఆరేళ్ళు నిండుతున్నాయి. కోడలు కీర్తిప్రియ హైటెక్ సిటీలో ఉద్యోగం చేస్తుంది. తోటి ఉద్యోగిని ఇంట్లో జరిగిన పుట్టినరోజుకు పోయి వచ్చిన దగ్గర్నుంచీ ఆమె మనసు అక్కడే ఉంది.

"కార్నివాల్ థీమ్ మామయ్యా. మన ఇంట్లనే చేద్దాం. వాళ్ళు హాల్ తీసుకున్నరు, మనకు మేడ ఉన్నది, వాకిలి ఉన్నది."

"కార్నివాల్ అంటే ఏందమ్మా?"

"ఆటల స్టాళ్ళు ఉంటయి. రింగులేసుడు, బెలూన్ బుగ్గలు కాల్చుడు, పాప్‌కార్న్, బుడ్డీకే బాల్ పీచుమిఠాయి, ఒక జోకర్..."

"అంటే నుమాయిష్ ఎగ్జిబిషన్‌ను ఇంటికి తెచ్చుడు."

పక్కన కూర్చుని వక్క కత్తిరిస్తున్న రామ్‌చందర్ తల్లి బాలమ్మ తల ఎత్తింది. "మంచిదే. నుమాయిష్‌కు పోతె నా మోకాళ్ళు పోతయి. అదే నా దగ్గరికొస్తె నాకేం బాధ."

అందరూ నవ్వారు. రామ్‌చందర్ మాత్రం అప్పటికే మనసులో సామాను లెక్క వేస్తున్నాడు. ఎరుపూ తెలుపూ గుడ్డలు గోదాంలో ఉన్నాయి. రంగుల లైట్లు ఉన్నాయి. స్టాళ్ళకు బల్లలు ఉన్నాయి. బెలూన్లు, గెలిచిన పిల్లలకు ఇచ్చే బొమ్మలు బేగంబజార్‌లో దొరుకుతాయి. లేనిది ఒక్క జోకర్. ఫోన్ చేస్తే పార్టీలు చేయించేవాడు మూడు గంటలకు ఆరు వేలు అన్నాడు.

"మొఖానికి సున్నం కొట్టుకొని ఎగిరేటందుకు ఆరు వేలా?" అని ఫోన్ పెట్టేసి రామ్‌చందర్ గోదాం వైపు చూశాడు. బసవయ్య ఎండలో తాళ్ళు చుడుతున్నాడు. ఆ చూపులోనే ఆలోచన పుట్టింది. రంగు పూసుకోవడం ఇతనికి అలవాటే. జనం మధ్య ఆడటమూ అలవాటే. పైగా మన మనిషి.

వ్యాపారిగా చూస్తే అందులో ఎక్కడా నష్టం కనిపించదు. రామ్‌చందర్ వ్యాపారిగానే చూశాడు.

"బసవయ్యా, శనివారం నీకు కర్రల పని లేదు. మొఖానికి ఇంత రంగేసుకొని పిల్లలను జర నవ్వియ్యాలె."

బసవయ్య చేతుల్లోని తాడు ఆగింది. "నేనా సేట్?"

"నువ్వే. నీ కన్న మంచిగ ఎవలకొస్తది? ఏడాదికోసారి చేస్తనే ఉన్నవ్ గద."

"అది వేరే సేట్."

"ఏం వేరే? గది పసుపు, గిది తెలుపు."

బసవయ్య తాడు చివర ముడి వేసి, దాన్ని పక్కన పెట్టి, అప్పుడు అన్నాడు. "రంగు పూసుకునే ముందు మూడు దినాలు ఒక్కపొద్దు ఉంట సేట్. ఇంట్ల నీసు ముట్టం. అమ్మ పిలిస్తెనే పూసుకునేది. వేరే దేనికీ పూసుకోలే."

"నీకు మనస్విని మనవరాలు కాదా? దానికి జొరమొచ్చి కండ్లు తేలేస్తె రాత్రికి రాత్రి వేపమండ పట్టుకొని ఉరికొచ్చింది ఎవరు? ఇప్పుడు అది నవ్వాలంటె మాత్రం లెక్కలు చెప్తున్నవ్."

ఏ గిరాకీ దగ్గర ఏ మాట పనిచేస్తుందో రామ్‌చందర్‌కు తెలుసు. ఆ మాట పనిచేసింది. బసవయ్య తల దించుకుని, "సరే సేట్. ఒక్కటే చెప్తున్న. గజ్జెలు కట్ట. నన్ను ఎగురుమనకుండ్రి" అన్నాడు.

"ఎందుకంట? నువ్వు కుర్సీల కూసుంటె చాలు."

రాత్రి భోజనాల దగ్గర బాలమ్మ ఈ మాట విని కొడుకు వైపు చూసింది. "గాయన ఎందుకురా, వేరే ఎవలనన్న చూస్కోరాదు?"

"అవ్వా, పిల్లల ఆట. దానికి గింత ఫికర్ ఎందుకు?"

ఆమె చెయ్యి కడుక్కుని లేచింది.

శనివారం సాయంత్రానికి ఇల్లు గుర్తు పట్టలేకుండా మారిపోయింది. గేటుకు ఎరుపూ తెలుపూ చారల గుడ్డ, వాకిలి పొడుగునా స్టాళ్ళు, మేడ మెట్ల మీద రంగుల లైట్లు. బార్కస్ నుంచి బుడ్డీకే బాల్ మిషన్ తెచ్చిన ఖాజా భాయ్ చుట్టూ చూసి, "క్యా సేఠ్, నుమాయిష్ జనవరిల గదా. మీరు ఇప్పుడే పెట్టేసిన్రు. లోపలికి రానీకి నాకు భీ టికెట్ ఉందా?" అన్నాడు. కోడలి ఆఫీసు వాళ్ళు కార్లు ఎక్కడో మెయిన్ రోడ్డు మీద పెట్టి గల్లీలో నడిచి వచ్చారు. "ఇంట్లోనే ఇంత బాగా చేశారా అంకుల్" అని ఒకరి తరువాత ఒకరు అంటుంటే రామ్‌చందర్ ఛాతీ కొంచెం కొంచెంగా పెరిగింది.

వాకిలి చివర కుర్చీలో బసవయ్య కూర్చుని ఉన్నాడు. ముఖం నిండా తెల్ల రంగు, మూతి చుట్టూ ఎరుపు, ముక్కుకు గుండ్రటి ఎర్ర బుడిపె, తలమీద పొడుగాటి అట్ట టోపీ. ఆట ఏమిటంటే, స్పాంజి బంతి విసిరి టోపీ పడగొట్టాలి. పడగొట్టిన వాళ్ళకు చాక్లెట్. బంతులు మెత్తనివే, దెబ్బ తగలదు. ఆ జాగ్రత్తలన్నీ కీర్తిప్రియ ముందే చూసింది.

గల్లీ పిల్లలు బంతులు తీసుకున్నారు, కానీ విసరలేదు. తొమ్మిదేళ్ళ ఉదయశ్రీ పక్క పిల్లతో, "గీయన మన పోతరాజే" అని మెల్లగా చెప్పింది. పిల్లలంతా చేతుల్లో బంతులతో అలాగే నిలబడిపోయారు.

ఇక్కడ చదివేవారిని ఒక్క క్షణం ఆగమని అడుగుతున్నాను. ఆ పిల్లలకు ఎవరూ ఏ పాఠమూ చెప్పలేదు. ఆ మనిషి మీద చెయ్యి ఎత్తకూడదని వాళ్ళకు వాళ్ళే అనుకున్నారు. వాళ్ళను అక్కడే వదిలేసి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

రామ్‌చందర్ వదిలేయలేదు. చూసేవాళ్ళ ముందు ఆట సాగకపోవడం అతనికి చిన్నతనంగా తోచింది. మనవరాలి చేతిలో బంతి పెట్టి, "ఎయ్ బిడ్డా. తాత ఏమనడు. టోపీ పడితె చాక్లెట్" అన్నాడు.

మనస్విని బసవయ్య వైపు చూసింది. బసవయ్య రంగు లోంచి నవ్వి, "ఎయ్యమ్మా" అని తల ఊపాడు. ఆమె విసిరింది. టోపీ పడింది. ఆ తరువాత ఎవరికీ చెప్పాల్సిన పని లేకపోయింది. బసవయ్య వంగి టోపీ తీసుకోవడం, పెట్టుకోవడం, మళ్ళీ బంతులు. ఇరవై సార్లు కావచ్చు, ముప్ఫై కావచ్చు. అది మాత్రం రామ్‌చందర్ లెక్కపెట్టలేదు.

కేకు కోశాక స్పీకర్‌లో తీన్‌మార్ దరువు మోగింది. ఆఫీసు నుంచి వచ్చిన ఒకాయన ఫోన్ తీస్తూ అన్నాడు. "అంకుల్, ఈయన బోనాల్లో పోతరాజంట కదా. రెండు స్టెప్పులు వేయమనండి."

రామ్‌చందర్ చెయ్యి ఊపాడు. "బసవయ్యా, లే. సార్ అడుగుతున్నరు."

"సేట్, అనుకున్నం గద."

"రెండు నిమిషాలు. పెద్దమనుషుల ముందట నా మాట తీసెయ్యకు."

బసవయ్య లేచాడు. మొదట ఊరికే అటూ ఇటూ ఊగాడు. కానీ ఆ కాళ్ళకు తెలిసిన అడుగు ఒక్కటే. ఆ దరువుకు వేరే అడుగు వాటికి రాదు. అమ్మవారి ముందు వేసే అడుగులే ఎర్ర ముక్కుతో, సంచుల్లాంటి పంట్లాంతో పడుతుంటే జనం కడుపులు పట్టుకుని నవ్వారు. పిల్లలు బంతులు విసురుతూనే ఉన్నారు. ఫోన్లు పైకి లేచాయి.

ఖాజా భాయ్ మిషన్ ఆపి రామ్‌చందర్ దగ్గరికి వచ్చాడు. "సేఠ్, ఆషాఢంల ఆడేది ఈయనే గదా? మేం భీ ఆ దినం రోడ్డు మీద ఆగి చూస్తం."

"అరే భాయ్, పిల్లల ఖుషీ."

ఖాజా భాయ్ పోయి తన మిషన్ దగ్గర నిలబడ్డాడు.

అందరూ వెళ్ళాక బసవయ్య పెరటి నల్లా దగ్గర ముఖం కడుక్కున్నాడు. చెవుల వెనక రంగు ఎంత రుద్దినా పోలేదు. కేకు ముక్క, బిర్యానీ పొట్లం తీసుకుని, "దావత్ మంచిగైంది సేట్" అని చెప్పి బస్సుకు వెళ్ళిపోయాడు. మరునాడు ఎప్పటిలాగే వచ్చి షామియానాలు మడతపెట్టాడు. కుర్చీలన్నీ సరిగ్గా ఉన్నాయి. ఏమీ పోలేదని రామ్‌చందర్ తృప్తిపడ్డాడు.

ఆ వీడియో మాత్రం ఫోన్ల మీదుగా గల్లీ గల్లీ తిరిగింది. జల్‌పల్లి బస్‌స్టాప్‌లో కూడా ఒకడు బసవయ్యను ఆపి, "జోకర్ అంకుల్, ఒక్క స్టెప్" అని అడిగాడు. బసవయ్య ఈ మాట సేటుకు చెప్పలేదు. అతను మునుపటిలా నవ్వడం లేదని రామ్‌చందర్ గమనించాడు గాని, వయసు మీద పడుతోందని అనుకున్నాడు.

ఆషాఢం వచ్చింది. బసవయ్య మూడు దినాలు ఒక్కపొద్దు ఉన్నాడు. ఆదివారం పగలు పసుపు పూసుకుని, గజ్జెలు కట్టుకుని గుడి ముందుకు వచ్చాడు. డప్పులు అందుకున్నాయి. డెబ్బై ఎనిమిదేళ్ళ బాలమ్మ నెత్తిన బోనంతో ఆడవాళ్ళలో అందరికన్నా ముందు నడుస్తోంది.

ఊరేగింపు రామ్‌చందర్ ఇంటి మలుపు తిరిగింది. మెట్ల మీద పిల్లలు గుంపుగా ఉన్నారు. ఆ గుంపులోంచి ఒక గొంతు వినిపించింది. "జోకర్ తాతొచ్చిండు." ఇంకో గొంతు కలిసింది. నవ్వులు లేచాయి.

బసవయ్య ఆడుతూనే ఉన్నాడు. అప్పుడు పట్టు లంగా కట్టుకున్న మనస్విని, చేతిలోని ఖాళీ షర్బత్ కప్పును గురిచూసి విసిరింది. అది అతని నుదుటికి తగిలి కింద పడింది. ఆ పిల్ల ముఖంలో కొంటెతనం లేదు. ఈ తాతను చూస్తే చేయవలసింది అదే అన్న నమ్మకం ఉంది. వెనక్కి తిరిగి రామ్‌చందర్ వైపు చెయ్యి చాపింది.

"తాతా, చాక్లెట్?"

డప్పులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. పోతరాజుకు కోపం వస్తుందని, కొరడా లేస్తుందని జనం వెనక్కి జరిగారు. కొరడా లేవలేదు. బసవయ్య ఆ పిల్లను కాసేపు చూశాడు. వంగి, కాళ్ళ కింద పడిన కప్పు తీసి మెట్టు మీద పెట్టాడు. అక్కడి నుంచి గుడి దాకా మామూలు మనిషిలా నడిచాడు. గజ్జెలు అడుగు అడుగుకీ మోగుతున్నాయి గాని అందులో ఆట లేదు. బోనాలు అతని వెనక మౌనంగా కదిలాయి. గుడిలో గజ్జెలు విప్పి అమ్మవారి ముందు పెట్టి, వాటి మీద కొరడా ఉంచి, దండం పెట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు. మరునాడు పనికి రాలేదు. వారం గడిచినా రాలేదు.

ఎనిమిదో రోజు రామ్‌చందర్ తల్లినీ మనవరాలినీ ఆటోలో ఎక్కించుకుని జల్‌పల్లి వెళ్ళాడు. బసవయ్య రేకుల ఇంటి ముందు కూర్చుని ఉన్నాడు. దగ్గర్లో ఇటుకల లారీ దించే పని కుదిరిందట, చేతులు ఎర్రటి దుమ్ముతో ఉన్నాయి. బాలమ్మను చూసి లేచి మంచం వాల్చాడు. లోపలి నుంచి నీళ్ళు తెచ్చాడు.

"చిన్నపిల్ల, తెల్వక ఇసిరింది" అన్నాడు రామ్‌చందర్.

"బిడ్డ తప్పేమున్నది సేట్. మనం నేర్పింది అప్పజెప్పింది. నేను కూడ తలూపిన గద."

"కోపం పెట్టుకోకు. పనికి రా. వచ్చే ఏడు..."

"కోపం లేదు సేట్." బసవయ్య తన చేతుల వైపు చూసుకున్నాడు. "పోతరాజు అంటే నా ఈ పెయ్యి, ఈ ఒళ్ళు కాదు, నా పసుపు కాదు. చూసేటోళ్ళ కండ్లల్ల ఉంటడు. గా కండ్లల్లకెల్లి దిగిపోయిండు. ఇప్పుడు నేను ఎంత పసుపు పూసుకున్నా వాళ్ళకు తెల్ల రంగే కనవడతది. గట్ల పోయి అమ్మ ముందట నిలబడితె, అమ్మను నవ్వులపాలు చేసినట్టయితది."

"మరి గల్లీకి పోతరాజు?"

"కమిటీ ఎవలనన్న తెస్తది. బయట కిరాయికి దొరుకుతున్నరు సేట్. జోకర్ దొరికినట్టే."

ఆ మాటలో వెటకారం లేదు. అందుకే రామ్‌చందర్ తల ఎత్తలేకపోయాడు.

మనస్విని ముందుకు వచ్చి, ఇంట్లో ముత్తవ్వ చెప్పినట్టు చేతులు జోడించి, "తప్పైంది తాతా, ఇంకెప్పుడు ఎయ్య" అంది. బసవయ్య దుమ్ము చేతిని లుంగీకి తుడుచుకుని ఆమె తల మీద పెట్టాడు. "ఏం కాదమ్మా. ఇప్పుడు నేను ఒట్టి తాతనే" అన్నాడు. ఎంత బతిమాలినా మళ్ళీ పనికి వస్తాననలేదు.

తిరిగి వస్తుంటే ఆటోలో బాలమ్మ కొడుకు ముఖం చూడకుండా, నెమ్మదిగా చెప్పింది.

"రామ్‌చందరా, మనిషిని కూలికి పిలిస్తె ఆయన చేతులొస్తయి, కాళ్ళొస్తయి. ఇజ్జత్ కూలికి రాదు బిడ్డా. అది ఆయన ఇంట్లనే విడిచొస్తడు, పొద్దుగూకినంక పోయి మళ్ళ తొడుక్కుంటడు. నువ్వు దాన్ని గుంజుకొచ్చి పిల్లల చేతికి ఆడుకోనిచ్చినవ్. నేను పెద్దదాన్ని, గట్టిగ అడ్డం నిలబడాలె. ఒక్క మాట అని ఊకున్న. కోడలికి తెల్వదు, పిల్లలకు తెల్వదు. తెలిసింది మనిద్దరికే. తెలిసి చేసినం."

మనస్విని ముత్తవ్వ ఒడిలో నిద్రపోయింది. రామ్‌చందర్ రోడ్డు వైపు ముఖం తిప్పుకుని కళ్ళు తుడుచుకున్నాడు.

మరుసటి ఆషాఢంలో గల్లీకి పోతరాజు వచ్చాడు. ఎక్కడి నుంచో ఆటోలో వచ్చి, బాగా ఆడి, పని కాగానే వెళ్ళిపోయాడు. అతని పేరు ఎవరూ అడగలేదు. ఏ తల్లీ తన బిడ్డను ఎత్తుకొచ్చి అతని ముందు నిలబడలేదు.

ఒక సాయంత్రం సంబరానికి రామ్‌చందర్‌కు వచ్చింది దావత్‌కు వచ్చినవాళ్ళ మెప్పు. అది వారం కూడా నిలవలేదు. పోయింది ముప్ఫై ఏళ్ళు వెంట ఉన్న మనిషి, ఒక గల్లీ భక్తి, పిల్లలకు తమంతట తాముగా అబ్బిన మర్యాద. ఇన్ని ఇచ్చి అతను సంపాదించుకున్నది ఒక్క తెలివిడి: పేదవాడు మనకు అమ్మేది తన కష్టాన్నే గాని గౌరవాన్ని కాదు, ఆ గౌరవాన్ని మన పిల్లల నవ్వుల కోసం వాడుకున్నామంటే ఎంత సంపద పోసినా దాన్ని అతనికి తిరిగి ఇవ్వలేము.